జిడ్డు కృష్ణమూర్తి: భయాన్ని పరిశీలించిన జీవితం

మన పుంగనూరుకు పొరుగున ఉన్న మదనపల్లె పేరు వినగానే జిడ్డు కృష్ణమూర్తి గారు స్మరణకు రావడం సహజం. తత్త్వవేత్తగా ఆయనను లోకమంతా ఎరుగును. విద్యార్థులను నేడు పట్టి పీడిస్తున్న ఆందోళన అనే మానసిక రుగ్మతను అర్థం చేసుకొనడానికి ఆయన జీవితం ఎట్లు తోడ్పడుతుందో ఇచ్చట సంగ్రహంగా వివరింపదలచాము.

1895 మే నెలలో నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానంగా ఆయన మదనపల్లెలో జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బాల్యంలో మలేరియా జ్వరం ఆయనను తరచు బాధించింది. 1905లో, పదేళ్ళ ప్రాయంలో, తల్లిని కోల్పోయారు. బడిలో ఉపాధ్యాయులు మందమతి అని ముద్ర వేసి దండించేవారు. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారుకు చేరింది. అక్కడ దివ్యజ్ఞాన సమాజ ప్రముఖుడైన లెడ్‌బీటర్ ఆ బాలుని చూచి, ఇతడు జగద్గురువు కాగలడని తలచారు. అనీబిసెంట్ గారు 1911లో ఆయనను ఇంగ్లండుకు తీసుకొని వెళ్ళారు. అచ్చట విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలలో ఆయన పలుమార్లు తప్పారు. మందమతి అన్న ముద్ర, జగద్గురువు అన్న ముద్ర రెండూ ఇతరులు వేసినవేనని మనం గమనించాలి.

1925 నవంబరులో ప్రియ సోదరుడు నిత్యానంద క్షయవ్యాధితో అమెరికాలోని ఓహాయ్‌లో కన్నుమూశాడు. కృష్ణమూర్తి గారు అప్పుడు ఓడలో స్వదేశానికి వస్తున్నారు. సోదరునికి ప్రాణభయం లేదని పెద్దలు చెప్పిన మాటలు వమ్మయ్యాయి. ఆ దుఃఖం ఆయనను కుదిపివేసింది. పిమ్మట 1929 ఆగస్టు 3న హాలెండు దేశంలోని ఓమెన్‌లో, దాదాపు మూడువేల మంది ఎదుట, తాము అధ్యక్షత వహిస్తున్న నక్షత్ర సంఘాన్ని తామే రద్దు చేశారు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లో తుదిశ్వాస విడిచే నాటికి ఆయనకు తొంబది ఏండ్లు.

ఆ దీర్ఘకాలంలో ఆయన పదేపదే విచారించిన విషయం భయం. నిన్నటి బాధను రేపటి మీదికి మోసుకొనిపోయే ఆలోచనయే భయానికి మూలమని ఆయన బోధ. భయం నుండి పారిపోయేకొద్దీ అది బలపడుతుందనీ, దానిని నిందింపక నిలిచి చూడవలెననీ ఆయన నొక్కి చెప్పారు. ఒక విద్యార్థిని మరొకనితో పోల్చడం కూడ భయానికి బీజమని ఆయన నమ్మారు. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పాఠశాల ఈ భావాల నీడలోనే పెరిగింది.

వైద్యశాస్త్రం వేరొక మార్గాన దాదాపు ఈ చోటికే వచ్చింది. 1950, 60 దశకాలలో అమెరికాలో ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్ అను వారు ఆలోచనను సరిదిద్దే చికిత్సకు పునాది వేశారు. నేడు దీనిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటున్నాము. అంతకు ఎంతో పూర్వమే, 9వ శతాబ్దిలో జన్మించిన అబూ జైద్ అల్ బల్ఖీ అను పండితుడు, దేహానికి మందులు సిద్ధపరచుకొన్నట్లే మనస్సుకు మేలైన తలపులను ముందుగా సమకూర్చుకొనవలెనని ఒక గ్రంథంలో సూచించాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. ప్రశ్నపత్రం చూడగానే ఒక విద్యార్థికి గుండె దడదడలాడుతుంది. తప్పిపోతాను, ఇంటి పరువు పోతుంది అన్న తలపు తటాలున పుడుతుంది. దడ మరింత హెచ్చుతుంది. అతడు లేచి వెళ్ళిపోతాడు. క్షణకాలం ఊరట కలుగుతుంది. ఆ ఊరటే మరునాటి భయానికి ఎరువు. చికిత్సకుడు ముందుగా ఆ తలపును కాగితం మీద వ్రాయించి, దానికి ఆధారమేమి, ప్రతికూలమేమి అని విచారింపజేస్తాడు. పిదప ఖాళీ హాలులో కూర్చోబెట్టి, ఆపై చిన్న పరీక్ష వ్రాయించి, మెట్టుమెట్టుగా భయాన్ని ఎదుర్కొనేటట్లు చేస్తాడు. మాటిమాటికి చేతులు కడుగుకొనే వ్యాధిలో సైతం, కడుగక ఓర్చుకొనడమే అభ్యాసం.

ఒక భేదం మాత్రం ఉన్నది. కృష్ణమూర్తి గారు పద్ధతులను, సోపానాలను అంగీకరింపలేదు. ఆయన వైద్యుడు కారు. వైద్యునికి సోపానాలు తప్పవు. అందుచేత నిద్ర కరవై, తరగతికి రావడానికే జంకు కలిగినపుడు, గ్రంథపఠనంతో సరిపెట్టుకొనక మానసిక వైద్యుని దర్శించడం కర్తవ్యం. 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

విద్యార్థులారా, పరీక్ష తప్పిన స్నేహితుడు మీలో ఉంటే అతనిని ఒంటరిగా విడువకండి. అతని పక్కన కూర్చొని అతడు చెప్పేది వినండి. కళాశాల పాలకవర్గం వారు పరీక్షలకు ముందు ఒక మాసమైనా మానసిక సలహాదారుని రప్పించినచో ఎందరికో మేలు కలుగుతుందని విన్నవించుకొంటున్నాము. మందమతి అనిపించుకొన్న మదనపల్లె బాలుడు లోకాన్ని ఆలోచింపజేశాడు. అట్టి ముద్ర మన తరగతి గదులలో ఎవరి మీదా పడకుండుగాక.