అరేబియా లారెన్సు కడపటి పాఠము

రహదారి మీద మోటారు సైకిలు ప్రమాదము జరిగినదని విన్నంతనే, నడిపినవాడు కొత్తవాడై యుండునని మనము తలచుట కద్దు. కాని ఎంతటి నేర్పరికైనను నేర్పు ఒక్కటియే రక్షణ కాజాలదని తెలుపు జీవితము ఒకటి కలదు. అది అరేబియా లారెన్సని లోకమెల్ల ఎఱిగిన థామస్ ఎడ్వర్డ్ లారెన్సు జీవితము.

ఆయన 1888 ఆగస్టు 16వ తేదీన వేల్సు దేశమందలి ట్రెమడాగ్ గ్రామమున జన్మించెను. 1896లో కుటుంబము ఆక్సుఫర్డు నగరమునకు చేరగా, ఆయన విద్యాభ్యాసము అచ్చటనే సాగెను. రెండు చక్రముల వాహనముపై మక్కువ ఆయనకు చిన్ననాటిదే. కళాశాల విద్యార్థిగా నుండగా 1908లో సైకిలుపై ఫ్రాన్సు దేశమెల్ల తిరిగి పురాతన దుర్గములను పరిశీలించెను. మరుసటి యేడు సిరియాలోని క్రూసేడు యుద్ధములనాటి కోటలను చూచుటకై మండుటెండలో వందలకొలది మైళ్లు కాలినడకన పోయెను. తరువాత యూఫ్రటీసు నదీతీరమున కార్కెమిష్ త్రవ్వకములలో పనిచేయుచు అరబ్బుల భాషను, ఆచారములను చక్కగా గ్రహించెను.

ఆ విద్యయే మొదటి ప్రపంచ యుద్ధమున అక్కరకు వచ్చెను. తురుష్క సామ్రాజ్యముపై 1916లో అరబ్బులు తిరుగబడగా, ఆయన ఫైజల్ రాకుమారునకు తోడై నిలిచి, శత్రువుల రైలు మార్గములను ధ్వంసము చేసెను. 1917 జూలైలో అకాబా రేవును పట్టుకొనుటలోను, 1918 అక్టోబరులో డమాస్కసు ప్రవేశములోను పాల్గొని ప్రఖ్యాతి గాంచెను.

ఆ కీర్తి ఆయనకు భారమయ్యెను. కర్నలు పదవిని అనుభవించినవాడు 1922లో మారుపేరుతో వైమానిక దళమున సామాన్య సైనికుడుగా చేరెను. సంగతి బయటపడగా, 1923లో షా అను పేరుతో టాంకుల దళమునకు మారి, బోవింగ్టన్ శిబిరమునకు చేరువనున్న క్లౌడ్స్ హిల్ అను చిన్న కుటీరమును నివాసముగా చేసికొనెను. 1925లో తిరిగి వైమానిక దళము చేరి, 1927 మొదలు 1929 ఆరంభము వరకు కరాచీలోను, వాయవ్య సరిహద్దునగల మీరన్‌షాలోను పనిచేసెను.

ఈ కాలమున ఆయనకు మిగిలిన ఏకైక విలాసము మోటారు సైకిలు. నాటింగ్‌హామ్ నగరమున జార్జి బ్రఫ్ నిర్మించు బ్రఫ్ సుపీరియర్ వాహనములను ఒకదాని తరువాత ఒకటిగా ఏడింటిని వాడెను. రాజుల పేర్లకు వలె మొదటి జార్జి, రెండవ జార్జి అని వానికి వరుసగా పేర్లు పెట్టెను. చివరి వాహనము గంటకు నూరు మైళ్లు, అనగా 160 కిలోమీటర్ల వేగమును అందుకొనగల జాతిది. 1926లో లండనులో తడిసిన బాట మీద జారిపడి ఒక వాహనమును పాడుచేసికొనినను, వేగముపై ఆయనకు మమకారము తగ్గలేదు.

ఇతరుల ప్రాణములన్న ఆయనకు చులకన లేదు. 1931లో ప్లిమత్ వద్ద నీటివిమానము కూలి వైమానికులు మునిగిపోవుట చూచి, అట్టివారిని సకాలములో ఒడ్డు చేర్చగల వేగవంతమైన పడవల నిర్మాణమునకు కొన్ని సంవత్సరములు శ్రమించెను. కాని తన తలకు మాత్రము ఏ రక్షణయు కల్పించుకొనలేదు. 1914 నాటికే పందెములలో హెల్మెట్టు ధరించు నియమము వచ్చినను, సామాన్యపు బాటపై దాని నవసరమని తలచినవారు ఆనాడు బహు కొద్దిమంది.

1935 ఫిబ్రవరిలో లారెన్సు కొలువు విడిచెను. మే 13వ తేదీన బోవింగ్టన్ శిబిరపు తపాలా కార్యాలయములో ఒక మిత్రునకు తంతి నిచ్చి, ఎఱిగిన బాటనే ఇంటికి మరలెను. బాట పల్లములతో కూడినది. ముందున్నవారు పల్లమున దిగినచో వెనుకవారికి కానరారు. సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురను చూచునప్పటికే దూరము మిగులలేదు. వారిని తప్పింపబోయి, అదుపు తప్పి, ముందునకు ఎగిరి నేలబడెను. బాలురు బ్రతికిరి. ఆయన ఆరు దినములు స్పృహ లేక యుండి, 19వ తేదీన కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు 46 ఏండ్లు.

ఆయనకు చికిత్స చేయ పిలువబడిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రచికిత్సా నిపుణు డొకడు. ఆస్ట్రేలియాలో జన్మించిన ఆయన, మోటారు సైకిలు ప్రమాదములలో తలకు తగులు దెబ్బలను గూర్చి పిమ్మట దీక్షతో పరిశోధించెను. రెండవ ప్రపంచ యుద్ధపు తొలి 21 నెలలలో బ్రిటనునందు మోటారు సైకిళ్లపై మరణించినవారు 2,279 మంది. హెల్మెట్టు ధరించియుండి గాయపడినవారు ఆయనకు ఏడుగురే కనబడిరి. ఆ ఏడుగురును బ్రతికిరి. ఈ సంగతులను 1941లో ఆయన ప్రకటించెను. ఆ సంవత్సరమే సైన్యము తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్టును తప్పనిసరి చేసెను. బ్రిటనులో 1973లో అందరికిని ఆ నియమము వర్తించెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 129వ సెక్షను అట్లే విధించుచున్నది.

శిరస్త్రాణము చేయు పని సులభముగ గ్రహింపవచ్చును. తల నేలను తాకినపుడు పుఱ్ఱె ఆగును గాని, దానిలోని మెత్తని మెదడు ఆగక గిరగిర కదలి చితుకును. హెల్మెట్టు ఆ దెబ్బను ఒక్కచోట గాక విస్తరింపజేసి, ఆగుటకు కొంత వ్యవధి నిచ్చును. పట్టీ బిగింపనిచో అది నేల తాకకముందే తల నుండి జారిపోవును.

మోటారు సైకిలు నేర్వబూను విద్యార్థి గుర్తింపవలసిన సంగతి ఇంకొకటి కలదు. వేగము రెట్టింపయినచో, బ్రేకు వేసిన తరువాత వాహనము ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. కావున కంటికి కనబడుచున్నంత దూరములో ఆపగలిగిన వేగమే తగిన వేగము. మలుపు వద్దను, మిట్ట వద్దను, పల్లము వద్దను చూపు కుఱుచయగును, వేగమును తగ్గింపవలెను.

ఎడారులు దాటిన లారెన్సు తన ఇంటి దాపున, నిత్యము నడచు బాట మీద ప్రాణము కోల్పోయెను. ఆ మరణము వ్యర్థము కాలేదు. ఒక వైద్యుని హృదయములో నాటుకొని, ఆయన చేతి పరిశోధనగా ఫలించి, అసంఖ్యాకులను కాపాడినది. దాని ఫలమును గ్రహించుటయో విడుచుటయో, వాహనమెక్కు ప్రతి యువకుని చేతిలోనే యున్నది.