కంటివెలుగును కాపాడిన శాస్త్రజ్ఞుడు

ఇంద్రియములన్నింటిలోను కన్ను ప్రధానమైనదని పెద్దలు చెప్పుదురు. చూపు పోయినవాని దుఃఖము చూపున్నవానికి పూర్తిగా తెలియదు. మానవుల చూపును హరించు వ్యాధులలో ట్రకోమా మిక్కిలి ప్రాచీనమైనది. నీటికరవు గల ప్రదేశములందును, పేదల యిండ్లయందును అది వేలకొలది సంవత్సరములు తిష్ఠవేసి, లెక్కకు మిక్కిలిగా జనులను అంధులను గావించినది. ఆ వ్యాధి నెదుర్కొనుటకు ఉపకరించిన ఒక గొప్ప మందు మన తెలుగువాని పర్యవేక్షణమున వెలువడినది. ఆ మహనీయుడే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమగోదావరి జిల్లాలోని భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము పేదది. బాలుడైన సుబ్బారావునకు చదువుపై మొదట శ్రద్ధ తక్కువగా నుండెను. పదమూడేండ్ల ప్రాయమున అతడు కాశికి పోయి, యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడికి పంపెను. రాజమహేంద్రవరమునను, పిదప మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలయందును చదివి, మూడవ ప్రయత్నమున మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థుడయ్యెను. రెండుమారులు తప్పినవాడు లోకప్రసిద్ధుడగునని ఆనాడు ఎవరును ఊహించి యుండరు.

యౌవనమున ఆయన మనస్సు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరగోరెను గాని తల్లి సమ్మతింపలేదు. రోగులకు సేవచేయుటయు భగవత్సేవయే యని తలచి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించెను. చదువునకు కావలసిన ధనమును మామగారు సమకూర్చిరి. అవి గాంధీమహాత్ముని పిలుపుతో దేశమంతట ఖద్దరు వ్యాపించుచున్న దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాశాలకు సైతము ఖద్దరు దుస్తులు ధరించి వెళ్ళెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. దాని ఫలితముగా ఆయనకు పూర్తి పట్టమునకు మారుగా తక్కువ స్థాయిది లభించెను. తరువాత ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించెను.

ఇంతలో ఆ కుటుంబమునకు పెద్ద విపత్తు సంభవించెను. స్ప్రూ అను అతిసారవ్యాధి సోకి, ఆయన సోదరులిరువురు కొలది దినముల యెడముతో మరణించిరి. తాను వైద్యము చదివియు తోబుట్టువులను రక్షింపలేకపోయెను. వ్యాధుల మూలమును వెదకి, వానికి మందులు కనుగొనవలెనను పట్టుదల ఆయనకు కలిగెను.

1922వ సంవత్సరము అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. చేతిలో డబ్బు లేదు, తెలిసినవారు లేరు. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధులను గూర్చి చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచి పొట్టపోసికొనెను. ఏ పనిని ఆయన నీచముగా భావింపలేదు. ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, శరీరద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నిచ్చు ఏ.టి.పి. అను పదార్థమును ఆ యిరువురును 1929లో వెల్లడించిరి. ఇంత పని చేసినను ఆ విశ్వవిద్యాలయమున ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు.

1940లో ఆయన న్యూయార్కు సమీపమునగల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి యయ్యెను. రక్తహీనతను మాన్పు ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందు ఆయన నాయకత్వమున తయారైనవి. ఆనాటికి పెన్సిలిను, స్ట్రెప్టోమైసిను అను మందులు వాడుకలో నుండెను. కాని ఒకదానికి లొంగిన సూక్ష్మజీవులు వేరొకదానికి లొంగకుండెను. రెంటికిని లొంగనివియు పెక్కు కలవు. అన్నింటిపై పనిచేయు మందును వెదకుటకై పలుతావుల మట్టిని తెప్పించి పరీక్షించిరి. డెబ్బది యేండ్లు దాటిన బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ మట్టిలో బూజును పోలిన ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అది బంగారు వన్నెగల పదార్థమును పుట్టించుచుండెను. దానినుండి తీసిన మందునకు ఆరియోమైసిను అని పేరిడిరి. 1948లో అది లోకమునకు తెలిసినది. టెట్రాసైక్లిను జాతి మందులకు అదియే మొదటిది.

ఈ మందు కంటికి ఎట్లు మేలు చేసినదో తెలియవలెనన్నచో, ట్రకోమా స్వభావమును తెలిసికొనవలెను. ఆ వ్యాధిని కలిగించు సూక్ష్మజీవి కంటిరెప్ప లోపలి పొరయందలి కణములలో చొచ్చి పెరుగును. బాల్యమున పలుమారులు సోకినచో రెప్పలోపల మచ్చలు కట్టును. ఏండ్లు గడచినకొలది రెప్ప లోపలికి ముడుచుకొనును. అప్పుడు రెప్పవెండ్రుకలు నల్లగ్రుడ్డును గీరుచుండును. కన్ను ఆర్పినప్పుడెల్ల ముల్లు గ్రుచ్చుకొన్నట్లు బాధ కలుగును. తుదకు నల్లగ్రుడ్డు మసకబారి చూపు నశించును. పూర్వము వైద్యులు మైలుతుత్తపు కడ్డీతో రెప్పల లోపల రుద్దెడివారు. ఆ చికిత్స మిక్కిలి బాధాకరము. ఆరియోమైసిను లేపనము వచ్చిన పిమ్మట, రెప్పలోపల విడువక పూయుచుండగా సూక్ష్మజీవి అణగుట కానవచ్చెను. 1950 దశకమున మొరాకో మొదలగు దేశములలో ఈ లేపనమును ఊరూర పంచిరి.

ఆ దినములను చూచు భాగ్యము సుబ్బారావునకు కలుగలేదు. మందు వెలువడిన ఆ 1948వ సంవత్సరముననే, ఆగస్టు నెలలో, నిద్రలో గుండె ఆగి ఆయన దివంగతుడయ్యెను. అప్పటికి ఆయన వయస్సు 53 ఏండ్లు. స్వదేశమును విడిచిన పిమ్మట ఆయన మరల తల్లిని గాని భార్యను గాని చూడలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలా బిళ్ళను వెలువరించెను.

భారతదేశమున 1963లో జాతీయ ట్రకోమా నివారణ కార్యక్రమము ప్రారంభమయ్యెను. 1976లో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము వచ్చెను. మన దేశమున ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని 2024 అక్టోబరులో ప్రపంచారోగ్య సంస్థ ప్రకటించెను. ఈ విజయము మందు ఒక్కదానివలననే కలుగలేదు. లేపనము పూసి కన్ను బాగుచేసినను, మురికి చేతులు, ఒకే తువాలు, ఈగలు ఉన్నంతకాలము వ్యాధి తిరిగి వచ్చుచునే యుండెను. మందుతోపాటు శుభ్రమైన నీరు, మరుగుదొడ్లు, ముఖము కడుగుకొను అలవాటు వచ్చినచోటనే అది శాశ్వతముగా తొలగినది.

బాలబాలికలారా! ఈ పాఠము ట్రకోమాకు మాత్రమే కాదు, కండ్లకలకకును వర్తించును. కండ్లకలక చాలవరకు వైరసువలన వచ్చును. అట్టిదానికి ఆరియోమైసిను వంటి మందులు పనిచేయవు. కావున వ్యాధి రాకుండ చూచుకొనుటయే మేలు. తెనాలి ప్రాంతమున కృష్ణ కాలువలు నిండుగ పారుచుండును గాని, కాలువనీటితోను చెరువునీటితోను కన్నులు కడుగరాదు. దినమునకు రెండుమూడు మారులు సబ్బుతో చేతులు కడుగుకొని, శుభ్రమైన నీటితో ముఖము కడుగుకొనుడు. ఒకరి తువాలు మరియొకరు వాడరాదు. ఒకే వ్రేలితో పిల్లలందరికి కాటుక పెట్టు అలవాటును ఇంటివారిచే మాన్పింపుడు. చీకటిపడగనే చూపు మందగించినచో ఏ విటమిను లోపమేమో వైద్యునికి చూపుడు. తోటకూర, మునగాకు, బొప్పాయి ఆ లోపమును రానీయవు. నల్లబల్లపై అక్షరములు అలికినట్లు కనిపించినచో సిగ్గుపడక ఉపాధ్యాయునకు చెప్పుడు. వైద్యుని సలహా లేక ఏ చుక్కలమందును కంటిలో వేసికొనరాదు.

టెట్రాసైక్లిను లేపనపు చిన్నగొట్టము నేటికిని కంటివైద్యమున వాడుకలో నున్నది. భీమవరమున పుట్టి, పరీక్షలో రెండుమారులు తప్పి, సోదరులను పోగొట్టుకొని, పరదేశమున పాత్రలు కడిగిన మనిషి శ్రమ అందులో కొంత యిమిడియున్నది. ఆయన చేయవలసినది చేసి వెళ్ళెను. చేతులు, ముఖము శుభ్రముగా నుంచుకొని ఆ మందు అవసరమే రాకుండ చూచుకొనుట మన వంతు.