బేగంపేట బంగ్లా, చలిజ్వరం

అక్కలారా, బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత బంగ్లా ఉంది. బస్సులో ఎన్నిసార్లు ఆ దారిన పోయినా అదేందో మేము పట్టించుకోలేదు.

రాస్ 1857లో అల్మోరాలో పుట్టారు. సైన్యంలో డాక్టరుగా సికింద్రాబాద్ వచ్చారు. ఆ రోజుల్లో మలేరియా, అంటే మన చలిజ్వరం, చెడు గాలితో వస్తదనుకునేటోళ్లు. రాస్‌కు దోమ మీద అనుమానం. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. (ఆయననూ తలచుకోవాలని మాకనిపించింది.) పంకా వేస్తే దోమలు ఎగిరిపోతయని ఉక్కపోతలోనే వాటిని కోసి చూసేవారు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టినయి. 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమి కనబడ్డది. మిగతా సంగతి కలకత్తాలో పక్షుల మీద తేల్చారు. 1902లో నోబెల్ వచ్చింది, 1932లో చనిపోయారు.

ఆయన కథ గర్భిణులకెందుకంటే, కడుపుతో ఉన్నప్పుడు మలేరియా వస్తే క్రిములు మాయలో చేరతయి. తల్లికి రక్తం తగ్గుతది, కడుపు పోవచ్చు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టొచ్చు. రక్తం లేని తల్లికి కాన్పులో రక్తం పోతే ప్రాణం మీదికొస్తది.

పోయిన వానకాలం మా గ్రూపులో ఐదో నెల చెల్లెకు చలిజ్వరం వస్తే, మామూలుదే అని మూడు రోజులు గోళీతో సరిపెట్టినం. తప్పు మాదే. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది, మందులతో తేరుకుంది. తర్వాత వాళ్లింటికి పోయి మూతలేని నీళ్ల డ్రమ్ములోకి చూస్తే, దోమపిల్లలు కిందికీ మీదికీ ఆడుతున్నయి.