కీర్తిశేషులు మాదరి భాగ్యరెడ్డివర్మగారి బాలసేవ

భాగ్యరెడ్డివర్మగారు 1888వ సంవత్సరము మే నెల 22వ తేదీని హైదరాబాదు నగరమున వెంకయ్య, రంగమాంబ దంపతులకు జన్మించిరి. దారిద్ర్యముచే డోస్ శాంటోస్ అను బారిష్టరుగారి యింటఁ బనికిఁ గుదిరి, ఆయన యాదరమున విద్య నార్జించిరి. తాము పొందిన యీ మేలును వారు మఱవలేదు.

1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, అక్షరజ్ఞానము లేని మనవారికి హరికథలమూలమున లోకజ్ఞానము గలిగించిరి. పెద్దలకుఁ గథ చాలును; పిల్లలకు బడి కావలయును. కావున 1910లో ఇసామియా బజారునందు బాలురకుఁ బాఠశాల తెఱచిరి. రాజభాష ఉర్దూ యైన యాదినములలో నిచటి బోధన తెలుఁగుననే సాగెను.

మేడ్చలు, శామీరుపేట పల్లెలలో బీదబాలుర చదువునకై పాటుపడు సోదరులు దీనిని గమనింతురుగాక: బిడ్డ బడికిఁ బోయిన దినమున నింట నొక కూలి తగ్గును. ఆ తల్లిదండ్రుల నొప్పించుట గది సంపాదించుటకంటెఁ గష్టము. చందాలును స్వచ్ఛందసేవకుల శ్రమయు నాధారముగా నీ పాఠశాలలు జంటనగరములలో 25 వఱకుఁ బెరిగెను. బాలబాలికలు రెండువేలు మించిరి.

1917నాఁటి బెజవాడ సభాధ్యక్షత, 1931లో వెలసిన భాగ్యనగర్ పత్రిక మున్నగునవి పలువు రెఱింగినవే. 1934లో నిజాము ప్రభుత్వమువా రీ పాఠశాలలను దమ యధీనమునకుఁ దీసికొనిరి. చందా పుస్తకముతో నింటింటికిఁ దిరుగు బాధ తొలఁగెను గాని, బడి మనదను మమకార మంతటితో నిలిచెనా యని మాకు సందేహము.

1939 ఫిబ్రవరి 18వ తేదీని వర్మగారు పరమపదించిరి. అప్పటికి మొదటి బడిలో నోనమాలు దిద్దినవారు తామే తమ బిడ్డలను బడికిఁ బంపు వయస్సునకు వచ్చి యుండిరి.