సూర్యరాణి మారియా టెల్కెష్

చుట్టును నీరే యుండియు దాహముతో ప్రాణములు విడుచుట నడిసముద్రమున తెప్పపై చిక్కినవారి దుర్గతి. సముద్రజలము త్రాగినకొలది దాహము హెచ్చును. ఆ ఉప్పును వెలికి పంపుటకై దేహము తనలోని నీటినే వ్యయపరచుకొనవలసి వచ్చును. రెండవ ప్రపంచయుద్ధమున ఓడలు మునిగి, విమానములు కూలి, రబ్బరు తెప్పలపై మిగిలినవారికి ఈ ఆపద నిత్యము పొంచియుండెను. అట్టివారికై సూర్యకిరణములతో మంచినీరు తీయు సాధనమును కల్పించిన విదుషి మారియా టెల్కెష్.

ఆమె 1900 డిసెంబరు 12వ తేదీన హంగేరీ దేశమునందలి బుడాపెస్టు నగరమున జన్మించెను. విశ్వవిద్యాలయమున చేరిన తొలిదినములలోనే, రాబోవు కాలపు శక్తివనరులను గూర్చిన పుస్తక మొకటి ఆమె కంటబడెను. అమెరికాలో సూర్యశక్తిపై జరిగిన ప్రయోగములు అందు వర్ణింపబడియుండెను. బీరువా మూలనున్న పుస్తకములను ఎవరు చదువుదురని పెదవి విరుచువారు ఈ సంగతి గమనింపదగును. 1924లో భౌతిక రసాయనశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, మరుసటి యేడు ఆమె అమెరికాకు వెడలెను. క్లీవ్‌లాండులో కొంతకాలము ప్రాణులలో పుట్టు విద్యుత్తును పరిశోధించి, 1937లో ఆ దేశపు పౌరసత్వము స్వీకరించి, 1939లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందలి సౌరశక్తి పరిశోధనలో చేరెను.

ఎండతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చుట అప్పటికి క్రొత్తవిద్య కాదు. 1872లో చిలీ దేశపు ఎడారియందు, లాస్ సాలినాస్ అనుచోట, చార్లెస్ విల్సన్ అను ఇంజనీరు గాజుపలకలు కప్పిన కొయ్యతొట్లను వరుసగా పరపించి, గనులయొద్ద బరువులు లాగు కంచరగాడిదల కొరకు దినమునకు 20,000 లీటర్లకు పైగా నీరు తీయించెను. కాని ఆ తొట్లు ఎకరమునకు మించిన నేల నాక్రమించినవి. టెల్కెష్ ఎదుట నిలిచిన పని వేరు. ఆ ఎకరమును మడిచి తెప్పమూలనుండు సంచిలో పెట్టవలెను!

ఆమె కల్పించిన సౌరబట్టీ పారదర్శకమగు ప్లాస్టికు తిత్తి. మడిచిన చిన్నమూట, గాలి నింపిన ఉబ్బి నీటిపై తేలును. లోపల నల్లని బట్ట సముద్రజలముతో తడిసియుండును. నలుపు ఎండవేడిమిని తనలోనికి లాగుకొనగా ఆవిరి లేచును. ఉప్పు బట్టయందే నిలిచిపోవును. ఆవిరి చల్లనిపొరకు తగిలి బిందువులై, ప్రక్కలవెంట జారి, అడుగున చేరును. అన్నపుకుండ మూత తీసి వెల్లకిల త్రిప్పి చూచిన ఏ యిల్లాలికైనను ఇందలి రహస్యము తెలిసినదే. నిప్పు అక్కరలేదు, నూనె అక్కరలేదు, త్రిప్పవలసిన చక్రము లేదు. ఎండ బాగుగా కాసిన దినమున దాదాపు ఒక లీటరు నీరు లభించును. అది సమృద్ధి కాదు. ప్రాణము నిలుచుటకు మాత్రము చాలును.

ఇక్కడ చెప్పక తప్పని సంగతి యొకటి కలదు. తయారీ ఒప్పందములు తిరుగవ్రాయుటలో కాలము గడచిపోయి, యుద్ధము ముగియువేళకు గాని ఆ బట్టీలు సిద్ధము కాలేదు. 1945లో ప్రభుత్వము ఆమెకు యోగ్యతాపత్రము నొసగెను. అంతకుముందే తెప్పలపై కన్నుమూసినవారికి ఆ పత్రముతో ఏమి పని? ఆలోచన పండియు, కాగితముల నడుమ చిక్కుకొని అక్కరకు రాకపోవుట ఆమె చరిత్రలోని గొప్ప విషాదము.

ఆమె మాత్రము పని విడువలేదు. అదే పద్ధతిని పెంచి వర్జిన్ దీవుల నీటికొరతకు వినియోగించిరి. 1948లో డోవరు గ్రామమున, ఎలినార్ రేమండ్ అను స్త్రీ గీచిన నమూనాతో, అమీలియా పీబాడీ అను స్త్రీ ఇచ్చిన ధనముతో, కేవలము ఎండతోనే వెచ్చనుండు ఇంటిని నిర్మింపజేసెను. పగటి వేడిమికి కరిగి రాత్రి గడ్డకట్టుచు వెచ్చదనమిచ్చు ఒక లవణమును గోడలయందు నింపెను. రెండు శీతకాలములు గడచినవి. మూడవదాన లవణము పొరలుగా విడిపోయి, పాత్రలు కారి, ఏర్పాటు చెడిపోయెను. 1953లో ఆ విద్యాసంస్థ ఆమెను ఉద్యోగమునుండి తొలగించెను. అప్పటికామెకు 52 ఏండ్లు. న్యూయార్కునకు పోయి, ఫోర్డు ఫౌండేషను ఇచ్చిన 45,000 డాలర్ల సాయముతో, కట్టెలు దొరకని పల్లెల కొరకు ఎండపొయ్యిని రూపొందించెను. ఆమెను సూర్యరాణియని లోకము పిలువసాగెను.

1982లో స్టీవెన్ కల్లహాన్ అను అమెరికను నావికుని పడవ అట్లాంటిక్ సముద్రమున మునిగిపోయెను. రబ్బరుతెప్పపై ఒంటరిగా 76 దినములు కొట్టుకొనిపోయియు అతడు బ్రతికి కరీబియను దీవుల చెంత ఒడ్డుచేరెను. గాలి ఊది నీటిపై తేల్చు సౌరబట్టీలు అతని తెప్పయందుండెను. వానిని మాటిమాటికి బాగుచేసికొనుచు, దినమునకు దాదాపు అరలీటరు నీరు అతడు సంపాదించుకొనెను. అప్పటికి టెల్కెష్ వయస్సు 81.

పిమ్మట పదమూడేండ్లకు, తాను విడిచిపోయిన బుడాపెస్టును మరల చూడబోయి, 1995 డిసెంబరు 2వ తేదీన, తన 95వ పుట్టినదినమునకు పదిదినములు ముందుగా, ఆమె అక్కడనే కన్నుమూసెను.