నయమైంది సరే.. ఎందుకు నయమైంది?

ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు సోదరులు కన్నుమూశారు. కారణం స్ప్రూ. ఈ జబ్బులో తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు ఆగవు. రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమవుతాడు. మద్రాసులో వైద్యం చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావునూ అదే జబ్బు పట్టుకుంది.

ఆయనకు వైద్యం చేసింది ఆచంట లక్ష్మీపతి. అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు మళ్లిన వైద్యుడాయన. ఆ చికిత్సతో సుబ్బారావు కోలుకున్నారు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది గిట్టలేదు. ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాయే దక్కింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ, ఆ మందులకు ఆధునిక పరిశోధనను జోడించాలని పూనుకున్నారు. ఆ తపనతోనే అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆయన ఆధ్వర్యంలోనే బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. ఇప్పుడు ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూకు వైద్యులు ఇచ్చేది ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్‌లే! సోదరులను బలిగొన్న జబ్బుకు మందులు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన న్యూయార్క్‌లో మరణించారు.

ఆయుర్వేదంతో కోలుకున్నా, సుబ్బారావు అక్కడితో ఆగలేదు. ఒక్కరికి తగ్గినంత మాత్రాన అది మందు మహిమో, పథ్యం ఫలితమో, జబ్బే తనంతట తగ్గిందో తేలదు. చాలామందిపై పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది. ఏ వైద్య విధానానికైనా ఇదే కొలమానం.

మన ఇళ్లలో ఇంగ్లిషు మాత్రలతో పాటు చూర్ణాలు, కషాయాలు వాడటం మామూలే. డాక్టర్ ఏమంటారోనని చెప్పకుండా దాచేస్తుంటాం. సుబ్బారావు బృందం పరిశోధనల బాటలో వచ్చిన మెథోట్రెక్సేట్‌నే తీసుకోండి. కీళ్లవాతానికి వాడే ఈ మందు కాలేయంపై ప్రభావం చూపగలదు. కొన్ని మూలికలూ అంతే. రెండూ కలిస్తే ముప్పు పెరగొచ్చు. అందుకే ఆస్పత్రికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, చూర్ణం సీసాతో సహా, వెంట తీసుకెళ్లండి. డాక్టరు రాసిన మందును సొంతంగా మానేయొద్దు.