పేద వృద్ధుల చెల్లెలు – పునీత ఝాన్ జుగాన్

మన మేత్రాసన శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం వ్రాసి పంపవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ఈ నూరేండ్లలో మన ప్రాంతంలో దేవాలయాలు, బడులు, ఆసుపత్రులు వెలసిన చరిత్ర వ్రాద్దామని మేము మొదట అనుకొన్నాము. ఆ పని మాకంటే బాగా చేయగల పెద్దలు ఉన్నారు గనుక మానుకొన్నాము. ఇదే సమయంలో మా విచారణలో ఒక చర్చ నడుస్తున్నది. ఈ పండుగకు గుర్తుగా ఏదైనా ఒకటి కట్టాలని అందరికీ కోరిక. కొందరు వృద్ధాశ్రమం కడదామన్నారు. మంచి తలంపే. కాని రెండుసార్లు సమావేశమైనా, ఆ వృద్ధులెవరు, ఎందరు, ఎక్కడ ఉన్నారు అన్న మాట ఒక్కసారి కూడ రాలేదు. పాలరాతి పలక మీద దాతల పేర్లు ఏ వరుసలో చెక్కించాలన్న దాని మీద మాత్రం చాలాసేపు వాదన జరిగింది. ఆ వాదనలో మేమూ ఉన్నాము, మేమూ గొంతు పెంచి మాట్లాడాము. ఇంటికి వచ్చి పడుకొన్న తరువాత మాకు జ్ఞాపకం వచ్చిన వ్యక్తి ఝాన్ జుగాన్. ఆమె మన పల్లెలో పుట్టి ఉంటే జానమ్మ అని పిలిచేవారు. మేమూ ఆ పేరుతోనే ఆమె కథ చెప్పుకొంటాము.

ఫ్రాన్సు దేశానికి పడమట బ్రిటనీ అనే సముద్రతీర ప్రాంతం ఉన్నది. అక్కడ కాంకాల్ అనే బెస్తవారి ఊరిలో 1792వ సంవత్సరం అక్టోబరు 25వ తేదీన జానమ్మ జన్మించారు. అది ఫ్రెంచి విప్లవం చెలరేగుతున్న కాలం. గుడులు మూతపడి, గురువులు దాక్కొని తిరుగుతున్న రోజులు. ఆమెకు నాలుగేండ్లు నిండకముందే తండ్రి వేటకు పోయి సముద్రం నుండి తిరిగి రాలేదు. మన కోస్తా విచారణలలో ఉన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. తుఫాను తరువాత ఒడ్డున నిలబడి ఎదురు చూసిన ఇల్లాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. తల్లి కూలి పనులు చేసి పిల్లలను పెంచింది. విశ్వాసం బయట చెప్పుకోలేని ఆ కాలంలో ప్రార్థనలు పిల్లలకు ఇండ్లలోనే గుట్టుగా నేర్పేవారు.

పదహారవ ఏట జానమ్మ ఒక జమీందారిణి ఇంట వంటపనికి కుదిరారు. ఆ దొరసాని తాను రోగులను, పేదలను చూడబోయినప్పుడు ఈ పిల్లను కూడ వెంట తీసుకొని వెళ్లేది. పేదవారి గడప ఎట్లా దాటాలో, వారిని చిన్నబుచ్చకుండా ఎట్లా మాట్లాడాలో జానమ్మ అక్కడ నేర్చుకొన్నారు. ఒక నావికుడు ఆమెను పెండ్లాడగోరాడు. ఆమె ఒప్పుకొనలేదు. 25వ ఏట దగ్గరలోని ఓడరేవు పట్టణం సెంట్ సెర్వాన్‌కు వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో ఆరేండ్లు రోగులకు సేవ చేసి, ఒళ్లు పాడై మానుకొన్నారు. పిమ్మట ఒక కన్య ఇంట సుమారు పన్నెండేండ్లు పరిచారికగా ఉన్నారు. 1835లో ఆ యజమానురాలు మరణించింది. అప్పటికి జానమ్మకు 42 ఏండ్లు. పొలం లేదు, ఇల్లు లేదు, ఏ సభలోనూ కన్యస్త్రీ కాదు. ఇతరుల ఇండ్లలో బట్టలుతికి, పనులు చేసి బ్రతికే ఒక ఒంటరి స్త్రీ, అంతే. పునీతుల చరిత్రలలో ఈ నలభై ఏండ్లను రెండు వాక్యాలలో దాటిపోవడం వాడుక. మాకు మాత్రం ఆమె తరువాత చేసినదంతా ఈ పనిమనిషి బ్రతుకులోనే తయారైనట్లు తోస్తుంది.

1837లో ఆమె 72 ఏండ్ల ఫ్రాన్స్వాజ్ అనే మరొక పనిమనిషితో కలసి ఒక చిన్న ఇంటిలో కొంత భాగం అద్దెకు తీసుకొన్నారు. తల్లిదండ్రులు లేని వర్జీనీ అనే 17 ఏండ్ల పిల్ల కూడ వారితో చేరింది. ముగ్గురూ కలసి ప్రార్థించుకొనేవారు, కలసి తినేవారు, కలసి కష్టపడేవారు.

1839వ సంవత్సరం చలికాలం వచ్చింది. ఆ ఊరిలో ఆన్ షొవేన్ అనే ముసలమ్మ ఉండేది. ఆమెకు చూపు పోయింది, శరీరం సగం పడిపోయింది. ఆమెకు దిక్కుగా ఉన్న తోబుట్టువు కూడ ఆసుపత్రి పాలైంది. జానమ్మ ఆమెను తన వీపున మోసుకొని, మెట్లెక్కి, తన గదికి తెచ్చి, తన మంచం మీద పడుకోబెట్టి, తాను అటక మీదకు పోయి పడుకొన్నారు. తరువాత ఇంకొక ముసలామె వచ్చింది. ఆమె కూడ పనిమనిషే. చితికిపోయిన తన యజమానులను కడవరకు కనిపెట్టుకొని ఉండి, దాచుకొన్న డబ్బంతా వారికే ఖర్చుపెట్టి, చివరకు వీధిన పడిన మనిషి. ఈ విధంగా ఒక సభ మొదలైంది. ఆనాడు దానికి పేరు లేదు, నియమావళి లేదు, నిధి లేదు. ఉన్నది ఒక మంచం, దాని మీద ఒక ముసలమ్మ.

మారీ జమే అనే మరో యువతి వీరికి తోడయింది. 1841లో వారు పూర్వం సారాయి కొట్టుగా ఉన్న ఒక పెద్ద గదిని అద్దెకు తీసుకొని పన్నెండు మంది ముసలమ్మలను చేర్చుకొన్నారు. ఆ మరుసటి ఏడు ఒక పాత మఠపు ఇల్లు కొన్నారు. నడవగలిగిన ముసలమ్మలు నూలు వడికేవారు. అట్లా వచ్చిన నాలుగు డబ్బులు ఇంటి ఖర్చుకు చేరేవి. వారిని కూర్చోబెట్టి తినిపించడమే సేవ అని జానమ్మ తలంచలేదు. చేతిలో పని ఉన్న ముసలితనానికీ లేని ముసలితనానికీ తేడా ఆమెకు తెలుసు.

అయినా అంతమందికి తిండి ఎక్కడ నుండి రావాలి? ఆ ముసలమ్మలలో అనేకులు అదివరకు వీధులలో అడుక్కొని బ్రతికినవారే. వారు మళ్లీ వీధికి పోతే పాత అవమానాలు, పాత అలవాట్లు తిరిగి వస్తాయి. పునీత దేవుని యోహాను సభకు చెందిన ఒక సహోదరుడు ఆమెకు ఒక సలహా ఇచ్చాడు. దాని ప్రకారం జానమ్మ బుట్ట చేత పట్టుకొన్నారు. ఆమె చేసిన పని గమనించదగినది. ఒక్కొక్క ముసలమ్మను కూర్చోబెట్టుకొని, నీకు ధర్మం చేసే ఇండ్లు ఏవి అని అడిగి తెలుసుకొని, ఆ గడపలకే వెళ్లి, ఆమెకు బదులు నేను వచ్చాను, ఆమెకు పెట్టేది నాకు పెట్టండి అని కోరారు. బిచ్చం ఆగలేదు గాని, సిగ్గు మాత్రం ఒకరి తల మీద నుండి మరొకరి తల మీదకు మారింది. రొట్టెముక్కలు, మిగిలిన కూర, పాత గుడ్డలు, ఏది ఇచ్చినా పుచ్చుకొన్నారు. ఒకసారి ఒక పెద్దమనిషి కోపంతో చెంప మీద కొడితే, అది నాకు ఇచ్చారు, ఇక నా పేదలకు ఏమి ఇస్తారని ఆమె అడిగినట్లు చెప్పుకొంటారు. జానమ్మకు కూడ ఈ పని తేలికగా లేదు. ఎంతో అభిమానం గల బ్రిటనీ స్త్రీ ఆమె. ప్రతి దినం మనస్సు కూడదీసుకొని బయలుదేరవలసి వచ్చేది.

ఇక చెప్పవలసిన భాగం చెప్పడానికి మాకు కొంత జంకుగా ఉన్నది. తిరుసభ తానే విచారించి ఒప్పుకొన్న విషయం గనుక దాచనక్కరలేదు. సెంట్ సెర్వాన్ విచారణలో సహాయ గురువుగా ఉన్న లె పయ్యూర్ అనే ఫాదరు వీరికి ఆత్మోపదేశకుడుగా ఉండేవాడు. 1843 డిసెంబరు 8న తోటివారందరూ జానమ్మను తిరిగి తమ మదర్ సుపీరియర్‌గా ఎన్నుకొన్నారు. పక్షం రోజులకే, అదే నెల 23న, ఆయన ఆ ఎన్నికను త్రోసిపుచ్చి 23 ఏండ్ల మారీ జమేను ఆ స్థానంలో నియమించాడు. జానమ్మ ఎదురు చెప్పలేదు. మరల బుట్ట పట్టుకొని వీధులలోకి వెళ్లారు.

లోకం ఆమెను గుర్తించింది కూడ ఆ వీధులలోనే. ఆమె సేవను గూర్చి ఊరి పెద్దలు వ్రాసి పంపిన విన్నపం మీద 1845 డిసెంబరులో ఫ్రెంచి అకాడమీ వారు మోంట్యోన్ బహుమానం, 3,000 ఫ్రాంకులు, ఆమెకు ఇచ్చారు. ఆ డబ్బు ముసలివారికే పోయింది. బహుమానపు కాగితం మాత్రం కొత్త ఊళ్లలో తలుపులు తెరిపించింది. 1846లో రెన్, దీనాన్ పట్టణాలలోనూ, అటు పిమ్మట టూర్, ఆంజే మొదలగు చోట్లనూ గృహాలు వెలశాయి. ఎక్కడ ఇల్లు ఆకలితో ఉన్నదో అక్కడికి జానమ్మను పిలిపించేవారు. ఆమె వచ్చి, బుట్ట పట్టి, ఇల్లు నిలబెట్టి, మరొక ఊరికి కదిలేవారు. 1849 నాటికి ప్రజలు పెట్టిన పేరే, పేదల చిన్న చెల్లెండ్రు అన్నది, సభకు స్థిరపడింది. ఇంగ్లీషు రచయిత డికెన్సు నడుపుతున్న పత్రికలో 1852లోనే వీరిని గూర్చి వ్యాసం వచ్చింది.

సరిగ్గా ఆ 1852లోనే లె పయ్యూర్ ఫాదరు ఆమెను రెన్ పట్టణంలోని మాతృగృహానికి రప్పించాడు. ఇక బయటకు పోరాదు, దాతలతో సంబంధం పెట్టుకొనరాదు. సిలువ మరియ అన్న మఠనామంతోనే ఇక ఆమెను పిలిచేవారు. అప్పుడామెకు దాదాపు 60 ఏండ్లు. మొదట రెన్‌లోనూ, 1856 నుండి లా టూర్ సెంట్ జోసెఫ్ అనే చోటనూ 27 సంవత్సరాలు ఏ అధికారం లేకుండా, కొత్తగా చేరిన పిల్లల మధ్య ఆమె గడిపారు. సభను స్థాపించింది తానేనని లె పయ్యూర్ ఫాదరు ప్రచారం చేసుకొన్నాడు. కథలో మొదటి స్థానం మారీ జమేకు, వర్జీనీకి ఇచ్చి, జానమ్మను మూడవ వ్యక్తిగా చెప్పించాడు. చేతికర్రతో తోటలో మెల్లగా నడిచే ఆ ముసలి కన్యస్త్రీ ఎవరో ఆ పిల్లలలో అనేకులకు తెలియదు. వృద్ధులను ఎవరూ లెక్కచేయని స్థితి నుండి లేవనెత్తిన మనిషి, తన ముసలితనంలో తాను పెంచిన ఇంటనే లెక్కలోకి రాకుండా జీవించారు. మేము ఈ భాగం చదివిన ప్రతిసారీ ఆగిపోతాము. దీనిని వినయమని పొగిడి ఊరుకొనడం సులభమే. కాని అన్యాయాన్ని అన్యాయమనే చెప్పాలి. ఆమె సహనం గొప్పదైనంత మాత్రాన అది న్యాయం కాదు.

ఒక్కసారి మాత్రం ఆమె సలహా కావలసివచ్చింది. సభకు శాశ్వతాదాయం తెచ్చే ఆస్తులు పుచ్చుకోవచ్చునా అన్న ప్రశ్న 1865లో వచ్చింది. వద్దు, ఏనాటి అన్నం ఆనాడే దేవుని చేతి నుండి, ప్రజల చేతి నుండి రావాలి అన్నదే ఆమె అభిప్రాయం. అదే నిర్ణయమైంది. ఆ పత్రం మీద ఆమె చేవ్రాలు ఉన్నది.

1879 మార్చిలో 13వ సింహరాయ పోపుగారు సభ నియమావళిని ఆమోదించారు. ఆ ఏడు ఆగస్టు 29న, 86వ ఏట, జానమ్మ మరణించారు. అప్పటికి సభలో సుమారు 2,400 మంది సిస్టర్లు ఉన్నారు. ఇంగ్లండు, బెల్జియం, స్పెయిన్, అమెరికా దేశాలలో గృహాలున్నాయి. లె పయ్యూర్ ఫాదరును 1890లో రోముకు పిలిపించి అధికారం నుండి తొలగించారు. మారీ జమే తన చివరి దినాలలో, మొదటిది నేను కాదు, అట్లా నడచుకొమ్మని నాకు చెప్పారని ఒప్పుకొన్నది. 1982 అక్టోబరు 3న రెండవ జాన్ పాల్ పోపుగారు జానమ్మను ధన్యురాలిగా, 2009 అక్టోబరు 11న 16వ బెనెడిక్టు పోపుగారు పునీతురాలిగా ప్రకటించారు.

చిన్న చెల్లెండ్రు 1882లో కలకత్తాకు వచ్చారు. మన సికింద్రాబాదులోనూ వారి గృహం ఉన్నది. కన్యవ్రతం, పేదరికం, విధేయతలతో పాటు ఆతిథ్యమనే నాల్గవ వ్రతం కూడ వారు పుచ్చుకొంటారు. తల్లిదండ్రులను పోషించే బాధ్యతను గూర్చి మన దేశంలో 2007లో చట్టం వచ్చింది. చట్టం మనోవర్తి ఇప్పించగలదు గాని, వీపున మోసుకొని మెట్లెక్కించలేదు.

మా విచారణలో పలక సంగతి ఇంకా తేలలేదు. పోయిన ఆదివారం దివ్యపూజ అయిన తరువాత మేము ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని వీధి వీధి తిరిగాము. పిల్లలు పై దేశాలలో ఉండి ఒంటరిగా ఉన్నవారు, పిల్లలు పక్క వీధిలోనే ఉండి కూడ ఒంటరిగా ఉన్నవారు, మొత్తం పదకొండు మంది తేలారు. వారిలో ఒకామెకు చూపు లేదు. గుడి గంట వినపడేంత దూరంలోనే ఉంటున్నది. పూజకు తీసుకొని వచ్చేవారు లేక రెండేండ్లు అయిందట. పేర్లన్నీ ఒక కాగితం మీద వ్రాసుకొన్నాము. వచ్చే సమావేశానికి ఆ కాగితం తీసుకొని వెళ్తాము.